కొత్త పిల్లలకు తెరచాప ఓడ పని నేర్పడం ఎలా: వారం రోజుల పద్ధతి

ఎన్‌సీసీ నేవీ వింగ్ వాళ్లు, సీ స్కౌట్స్‌ను నడిపేవాళ్లు, శిక్షణ ఓడ మీదికి మొదటిసారి వాచ్ (వంతుల మీద పనిచేసే జట్టు) లీడర్‌గా వెళ్తున్నవాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఒకటే. "పన్నెండు మంది పిల్లలు, చేతిలో ఏడు రోజులు. సగం మంది సముద్రం దగ్గర్నుంచి చూసింది కూడా లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?"

ఎక్కువమంది ముడులతో మొదలుపెడతారు. దయచేసి అలా చేయకండి. ముడి రాకపోతే పక్కవాడు వేస్తాడు. బరువు మీదున్న తాడును వదలడం రాకపోతే మాత్రం వేళ్లు పోతాయి. అందుకే ఈ పద్ధతిలో ముందు గొంతు, తర్వాత తాడు, ఆ తర్వాత జట్టు. ముడుల పాఠం నాలుగో రోజు దాకా రాదు.

వివరాలన్నీ ఐఎన్‌ఎస్ తరంగిణి లాంటి మూడు మాస్టుల (తెరచాప స్తంభాల) బార్క్ తరహా ఓడను దృష్టిలో పెట్టుకుని రాసినవి. 1997లో భారత నౌకాదళంలో చేరిన తరంగిణి పొడవు 54 మీటర్లు. ముందు రెండు మాస్టులకు అడ్డంగా యార్డులు (తెరచాపలు వేలాడే దూలాలు) ఉంటాయి, వెనక మాస్టుకు మాత్రం ఓడ పొడవునా సాగే తెరచాప. 2012లో చేరిన సుదర్శిని కూడా ఇదే తరహా. మీకు చిన్న పడవ మాత్రమే ఉన్నా, అసలు పడవే లేకపోయినా చివరి భాగం చూడండి. ఓడ ముందు భాగానికి అణియం, వెనక భాగానికి అమరం అన్న మన తీరం మాటలే వాడాం.

ఒక మాట ముందే. మీ ఓడ కెప్టెన్ ఆదేశాలు ఇక్కడ రాసినదానికి భిన్నంగా ఉంటే కెప్టెన్ మాటే చెల్లుతుంది.

కావలసినవి

- ఒక్కొక్కరికీ 1.5 మీటర్ల సాధన తాడు, 10 లేదా 12 మిల్లీమీటర్ల మందం. ముప్పేట తాడైతే మంచిది. అల్లిన నైలాన్ తాడు జారిపోతుంది, పురి కూడా కనపడదు.
- ఒక్కొక్కరికీ రెండు కొక్కేల లాన్‌యార్డ్ (ఓడకి తగిలించుకునే పొట్టి తాడు) ఉన్న హార్నెస్ (ఒంటికి బిగించుకునే పట్టీలు), సరిపోయే లైఫ్ జాకెట్.
- వేళ్లు పూర్తిగా మూసే బూట్లు, జారని అడుగుతో. చెప్పులతో డెక్ మీదికి రానివ్వకండి.
- ఎర్ర కాంతి ఇచ్చే హెడ్‌టార్చ్‌లు, వాచ్‌కి కనీసం నాలుగు.
- పిన్‌రైల్ (తాళ్లు కట్టే పిన్నులు వరసగా గుచ్చి ఉండే పట్టె) పటం: ఏ పిన్నుకి ఏ తాడు కట్టి ఉందో చూపే బొమ్మ. మీరు గీసి ఇవ్వకండి, పిల్లల చేతే గీయించండి.
- పాత కవరాల్‌లో ఫెండర్లు (ఓడ పక్కలకి వేలాడదీసే మెత్తలు), కొంచెం బరువు కుక్కి తయారుచేసిన బొమ్మ మనిషి, నీళ్లలో పడ్డవారిని తీసే సాధనకి.
- స్టాప్‌వాచ్, నోటుబుక్కు, పెన్సిలు. తడిస్తే పెన్ను రాయదు.
- ఓఆర్‌ఎస్ పొట్లాలు, ఉప్పు బిస్కెట్లు, అల్లం.

1. ఓడ ఎక్కకముందే జట్లు కట్టండి

ఆరోగ్య వివరాల ఫారం ముందుగా తెప్పించుకోండి. మూర్ఛ, ఉబ్బసం, రోజూ వేసుకునే మందులు, ఈత వచ్చా రాదా అన్నవి ఓడ ఎక్కిన రోజు అడిగితే నలుగురిలో సిగ్గుపడి దాస్తారు.

మీ జట్టే కాదు, ఓడ మీదున్న పిల్లలందర్నీ మూడు వాచ్‌లుగా విడదీయండి, ఒక్కోదానిలో 10 నుంచి 12 మంది. ఒకే కాలేజీ, ఒకే ఊరి స్నేహితుల్ని ఒకే వాచ్‌లో వేయకండి. వేస్తే వాళ్ల మధ్య ఆదేశాలకు బదులు కబుర్లు నడుస్తాయి, మిగతావాళ్లు బయటివాళ్లవుతారు. బలమైనవాళ్లందర్నీ ఒక జట్టులో పెట్టడం ఇంకో పొరపాటు. తాడు లాగడంలో కండ కన్నా కాలు ఆన్చడం, ఊపు కలవడం ముఖ్యం. అమ్మాయిల్ని తేలిక తాళ్లకీ వంటగదికీ పరిమితం చేసే అలవాటు ఎక్కడైనా ఉంటే మొదటి రోజే మాన్పించండి. 2017 సెప్టెంబరు నుంచి 2018 మే దాకా 254 రోజుల్లో తారిణి అనే 56 అడుగుల తెరచాప పడవలో భూమిని చుట్టి వచ్చిన ఆరుగురు నౌకాదళ అధికారులూ మహిళలే. వాళ్లలో స్వాతిది విశాఖపట్నం, ఐశ్వర్యది హైదరాబాద్.

2. మొదటి రెండు గంటలు: లెక్క, ఆపు, ఒక చెయ్యి

ఈ మూడూ రాకుండా ఒక్క తాడు కూడా ముట్టుకోనివ్వకండి.

లెక్క: వాచ్‌లో ప్రతి ఒక్కరికీ ఒక నంబరు ఇవ్వండి. "లెక్క" అనగానే 1 నుంచి వరసగా ఎవరి నంబరు వాళ్లే అరవాలి. మొదటి రోజు ఐదారుసార్లు, రోజులో ఏ వేళైనా అడగండి. పక్కవాడు మరుగుదొడ్డిలో ఉన్నాడని వాడి నంబరు కూడా తనే అరిచేవాడు ప్రతి జట్టులోనూ ఒకడుంటాడు. స్నేహంతో చేస్తాడు. కానీ రాత్రి సముద్రంలో ఒక మనిషి తగ్గినా లెక్క సరిపోయినట్టు వినిపించేది ఇలాంటి స్నేహం వల్లే. కోప్పడకుండా, అందరి ముందూ కారణం చెప్పి ఆపించండి.

ఆపు: ఏది ప్రమాదంగా కనిపించినా ఎవరైనా "ఆపు" అని అరవొచ్చు. అది విన్నవాళ్లు ఎక్కడివాళ్లక్కడ తాడు పట్టుకుని నిలిచిపోవాలి. వదిలేయకూడదు. తప్పుగా ఆపినా తిట్టకండి. ఒక్కసారి తిట్టారంటే వారమంతా ఎవరూ నోరెత్తరు.

ఒక చెయ్యి: నడిచేటప్పుడు, ఎక్కేటప్పుడు ఒక చెయ్యి ఓడ పనికి, ఒకటి మీ ప్రాణానికి. రెండు చేతుల్లో టీ కప్పులతో నిచ్చెన దిగే పిల్లవాణ్ని అక్కడే ఆపండి.

లైఫ్ జాకెట్ వేసుకుని మస్టర్ స్థలానికి (ప్రమాదం వస్తే అందరూ చేరాల్సిన చోటికి) చేరే సాధన కూడా ఈ రెండు గంటల్లోనే అయిపోవాలి. 2010 ఫిబ్రవరిలో కెనడా విద్యార్థుల శిక్షణ ఓడ కాంకోర్డియా బ్రెజిల్ తీరానికి దూరంగా ఈదురుగాలికి పక్కకి ఒరిగి మునిగిపోయింది. లైఫ్‌రాఫ్ట్‌ల్లో దాదాపు 40 గంటలు గడిపాక మొత్తం 64 మందీ బతికి బయటపడ్డారు. సాధన చేయించేటప్పుడు పిల్లలు విసుక్కుంటే ఈ ఒక్క ఉదాహరణ చెప్పండి, చాలు.

3. తాడు: పట్టడం, ఆన్చడం, వదలడం, చుట్టడం

ఇక్కడ తొందరపడకండి. ఒక పూట పూర్తిగా దీనికే ఇవ్వండి. ఓడ రేవులో కట్టి ఉండగా, తెరచాపలు ముడిచి ఉండగా నేర్పండి.

మొదట పిన్ను. తాడు పైనుంచి వచ్చి పిన్ను కింది భాగం చుట్టూ ఒక పూర్తి చుట్టు తిరగాలి. బరువును అసలు పట్టుకునేది ఈ చుట్టే. తర్వాత పైకీ కిందికీ ఎనిమిది అంకె ఆకారంలో మూడు చుట్లు. చివర్లో తాడును మెలిపెట్టి బిగించే చుట్టు వేయకండి. అది చూడ్డానికి గట్టిగా కనిపిస్తుంది, కానీ తాడు తడిసి బరువు పడ్డాక బిగుసుకుపోతుంది. ఈదురుగాలి వచ్చి క్షణాల్లో వదలాల్సినప్పుడు రాదు.

తర్వాత వదలడం. అసలు కష్టం దీనితోనే. ముందుగా ఆ తాడు మీద బరువు ఉందో లేదో చూడాలి. పిన్నుకి పైన, మనిషి ఎత్తులో తాడును నొక్కితే తెలుస్తుంది. ఎనిమిది అంకె చుట్లు ఒక్కొక్కటే తీయాలి. కింది చుట్టు మాత్రం ఉంచాలి. దాని ఒరిపిడి మీదే తాడును కొంచెం కొంచెంగా, చేతి తర్వాత చెయ్యి మార్చి వదలాలి. తాడు చేతుల్లోంచి జారితే అరచేయి తోలు ఊడుతుంది. ఎనిమిది అంకె చుట్లు తీస్తూ తీస్తూ అదే ఊపులో కింది చుట్టు కూడా తీసేయడం అందరూ చేసే తప్పు. అందుకే కింది చుట్టు దగ్గరికి రాగానే "చుట్టు ఉంది" అని బిగ్గరగా చెప్పించండి. నోరు చెబితే చెయ్యి ఆగుతుంది.

వేళ్లు, బొటనవేలు పిన్నుకి ఒక చెయ్యెడు దూరంలో ఉండాలి. తాడును చేతికి ఎప్పుడూ చుట్టుకోకూడదు. డెక్ మీద పడి ఉన్న తాడు ఉచ్చులో కాలు పెట్టకూడదు.

చుట్ట చుట్టడం: ముప్పేట తాడు మామూలుగా కుడివైపు పురి, అంటే గడియారం ముల్లు తిరిగే దిక్కున చుట్టాలి. పిన్ను దగ్గర్నుంచి మొదలుపెట్టి కొస వైపు సాగాలి. కొస నుంచి మొదలుపెడితే మెలికలన్నీ పిన్ను దగ్గర పోగుపడి, అవసరానికి తాడు కప్పీలో ఇరుక్కుంటుంది. ఇదెందుకో మాటల్లో చెబితే ఎక్కదు. ఒకసారి తప్పుగా చుట్టించి, "లెట్ గో" అని వదిలించి చూపించండి.

ఆ రోజు సాయంత్రం పిన్‌రైల్ ఆట. వందదాకా తాళ్లున్న ఓడ మీద అన్నిటి పేర్లూ బట్టీ పట్టమనకండి. ఎడమ వైపు ఎక్కడ ఏది ఉందో కుడి వైపు కూడా అక్కడే అది ఉంటుంది. కింది తెరచాపల తాళ్లు మామూలుగా అణియం వైపు, పై తెరచాపలవి అమరం వైపు. ఈ రెండూ చెప్పి మిగతాది వెతుక్కోమనండి. మీరు పేరు చెబుతారు, వాళ్లు వెళ్లి పిన్ను మీద చెయ్యి పెట్టి, తల ఎత్తి తాడు ఎక్కడికి వెళ్తుందో చూసి చెప్పాలి. తల ఎత్తకుండా చెప్పిన జవాబు సరైనదైనా ఒప్పుకోకండి.

4. జట్టుగా లాగడం

భారత ఓడల మీద ఆదేశాలు ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. అర్థం తెలుగులో చెప్పండి, ఆదేశం మాత్రం ఓడ మాటలోనే ఇవ్వండి. ఐదు సరిపోతాయి:

- స్టాండ్ బై: తాడు దగ్గర నిలబడు, ఇంకా తీయకు.
- హాల్: లాగు.
- ఈజ్: బరువు పట్టుకునే కొంచెం కొంచెంగా వదులు.
- హోల్డ్: ఉన్నచోటే పట్టుకో.
- మేక్ ఫాస్ట్: పిన్నుకి కట్టు.

ఆదేశం విన్నవాళ్లు అదే మాట తిరిగి అరవాలి. "హాల్" అంటే "హాల్". తిరిగి అరవకపోతే వినలేదనే లెక్క, మళ్లీ చెప్పాలి. గాలిలో మీ గొంతు అమరం నుంచి అణియానికి చేరిందో లేదో తెలిసేది ఇలాగే.

ఊపు కోసం మన తీరంలో వల లాగేటప్పుడు పాడే "హైలెస్సా" చక్కగా పనికొస్తుంది. ఒకరు "హై-లె" అని ఎత్తుకుంటే అందరూ "స్సా" మీద లాగాలి. చేతులతో కాదు, కాలు ఆన్చి ఒంటి బరువుతో వెనక్కి వాలాలి. ఎత్తుకునేవాడి గొంతు తాడు మీద ముందున్న మనిషికే వినిపిస్తే సరిపోదు, చివరివాడికి కూడా వినపడాలి.

ఇప్పుడు అసలు పాఠం, యార్డు తిప్పడం. యార్డుకి రెండు కొనల నుంచీ బ్రేస్ అనే తాళ్లు వస్తాయి. ఒక వైపు లాగాలంటే రెండో వైపు వదలాలి. కాబట్టి రెండు జట్లు కావాలి, మధ్యలో ఒక పిలుపు. కొత్తవాళ్లు చేసే తప్పు ఎప్పుడూ ఒకటే. లాగేవాళ్లు ఐదుగురు ఉత్సాహంగా లాగుతుంటారు, అవతల వదలాల్సినవాడు ఇంకా పిన్ను నుంచి చుట్లు తీస్తూనే ఉంటాడు. యార్డు కదలదు. ఇంకా గట్టిగా లాగుతారు. అప్పుడు అవతలివాడు కింది చుట్టు తీస్తాడు, తాడు ఒక్కసారిగా పరుగెడుతుంది, ఇవతల ఐదుగురూ వెనక్కి పడతారు.

దీనికి మందు: ముందు వదిలే జట్టు "సిద్ధం" అనాలి. అది వినకుండా "హాల్" ఇవ్వకూడదు. రెండో మందు, మాకు ఇంకా ఇష్టమైనది: ప్రతి మూడుసార్లకీ జట్లు మార్చండి. లాగినవాళ్లు వదలాలి, వదిలినవాళ్లు లాగాలి. లాగడం అందరికీ కనపడే పని, వదలడం ఎవరికీ కనపడని పని. ఆ రెండో పని ఎంత జాగ్రత్త అడుగుతుందో చేతులతో తెలిస్తే గానీ అవతలివాడి కోసం ఆగడం పిల్లలకు రాదు. జట్టుపని గురించి ఉపన్యాసం అక్కర్లేదు, ఈ తాడే నేర్పుతుంది.

సరిగా అయిందని ఎలా తెలుస్తుంది? యార్డు ఆగకుండా, కుదుపు లేకుండా తిరగాలి. వదిలే తాడు వేలాడకూడదు, బిర్రుగానూ ఉండకూడదు. పని అయ్యాక "మేక్ ఫాస్ట్" దాకా ఎవరూ తాడు వదలకూడదు.

5. కడుపులో తిప్పడం

ఓడ బయల్దేరిన మొదటి రెండు మూడు రోజులు సగం జట్టు ఇలాగే ఉంటుంది, కాబట్టి పాఠాల్లో దీనికీ చోటు పెట్టండి. మాత్ర వేసుకునేవాళ్లు డాక్టరుని అడిగి, బయల్దేరే ముందే వేసుకోవాలి. వాంతులు మొదలయ్యాక మింగితే నిలవదు. మగత వచ్చే మాత్ర వేసుకున్నవాళ్లను ఆ రోజు మాస్ట్ ఎక్కనివ్వకండి. ఖాళీ కడుపు పనికిరాదు, ఉప్పు బిస్కెట్లు, అల్లం ముక్క, గుక్కెడు గుక్కెడుగా నీళ్లు ఇవ్వండి. పడుకోవాలంటే అణియంలో కాదు, ఓడ మధ్యలో కింద పడుకోవాలి, అక్కడ ఊపు తక్కువ. వాంతి చేసుకునేవాణ్ని గాలి పోయే వైపు రెయిలింగ్ దగ్గర, హార్నెస్ తగిలించి, ఒక తోడుతో నిలబెట్టండి. ఒంటరిగా వంగనివ్వకండి.

చుక్కాని చక్రం పట్టుకున్నవాడికి తిప్పడం తగ్గుతుంది, చూపు దిగంతం మీద ఉంటుంది కాబట్టి. కాస్త నిలదొక్కుకున్న పిల్లల్ని ముందుగా అక్కడికి పంపండి.

6. చక్రం, చూపు, కావలి

మూడు వాచ్‌లతో నాలుగు గంటలు పని, ఎనిమిది గంటలు విరామం. సాయంత్రం 4 నుంచి 8 దాకా ఉండే వాచ్‌ను (పని వంతునూ వాచ్ అనే అంటారు) రెండు రెండు గంటల డాగ్ వాచ్‌లుగా విడగొడతారు. అప్పుడు రోజుకి ఏడు వాచ్‌లవుతాయి, ఏడు మూడుతో భాగించబడదు కాబట్టి ఏ జట్టుకీ రోజూ అర్ధరాత్రి వంతు పడదు.

నాలుగు గంటల్లో అరగంటకోసారి పనులు మార్చండి: చక్రం, లుక్‌అవుట్ (సముద్రం మీద కావలి చూపు), రౌండ్లు (ఓడంతా తిరిగి చూడటం), లాగ్‌బుక్కు. మిగతావాళ్లు తాళ్ల పనికి సిద్ధంగా డెక్ మీద.

చక్రం: కొత్తవాళ్లు దిక్సూచి వెంట పరుగెడతారు. ఓడ తిరగడానికి కొంత సమయం పడుతుంది. అది తిరగలేదనుకుని ఇంకా తిప్పుతారు, తర్వాత అటు నుంచి ఇటు. వెనక్కి చూస్తే నీటిలో ఓడ జాడ పాములా ఉంటుంది. మందు: చుక్కాని 5 డిగ్రీలకు మించి తిప్పవద్దనండి, తిప్పి పదివరకు లెక్కపెట్టమనండి, దిక్సూచికి బదులు ముందున్న మేఘాన్నో చుక్కనో చూడమనండి. మేఘమైనా చుక్కైనా కదులుతాయి కాబట్టి కొన్ని నిమిషాలకోసారి దిక్సూచి చూసి గురుతు మార్చుకోవాలి. ఐదు నిమిషాలకోసారి దిక్కు రాయించండి. రెండో రోజు చివరికి అటూ ఇటూ 5 డిగ్రీల్లో ఉంటే బాగా వచ్చినట్టే.

లుక్‌అవుట్: కళ్లు చీకటికి అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఒక్క ఫోను వెలుగు దాన్నంతా పాడుచేస్తుంది. చెప్పాల్సిన తీరు ఇది: ఏ వైపు, ఎన్ని డిగ్రీలు, ఏమిటి. "ఎడమ 30, ఎర్ర దీపం." ఎర్ర దీపం కనిపిస్తే ఆ ఓడ ఎడమ పక్క మనకు కనపడుతోందన్నమాట, పచ్చదైతే కుడి పక్క. అదేమిటో తేల్చి చెప్పాల్సిన పని లుక్‌అవుట్‌ది కాదు, చూసింది చెబితే చాలు. "చేపల పడవేమో, చెప్పడం ఎందుకు" అని ఆగిపోవడం ఇక్కడ పెద్ద తప్పు.

7. ముడులు, నాలుగే

బౌలైన్, క్లోవ్ హిచ్, ఒక చుట్టూ రెండు హాఫ్ హిచ్‌లూ, ఎనిమిది అంకె ముడి. నాలుగో రోజుకి పిల్లలు తాడును చేత్తో ఎరిగి ఉంటారు కాబట్టి ఇవి గంటలో వస్తాయి. రీఫ్ ముడి తెరచాపను కట్టడానికే. రెండు తాళ్లు కలపడానికి దాన్ని వాడటం ప్రమాదం, విడిపోతుంది. నేర్పితే ఈ హెచ్చరికతోనే నేర్పండి.

8. మాస్ట్ ఎక్కడం

మొదటి ఎక్కుడు ఓడ కట్టి ఉన్నప్పుడో, లంగరు వేసి ఉన్నప్పుడో, పగలు, గాలి 16 నాట్లకు (గంటకు సుమారు 30 కిలోమీటర్లకు) లోపు ఉన్నప్పుడు. అలాగని రేవులో ఉన్నాం కదా అన్న ధీమా వద్దు. 2010 నవంబరులో జర్మనీ శిక్షణ ఓడ గోర్ష్ ఫోక్ మీద ఒక క్యాడెట్ పైనుంచి పడి చనిపోయింది బ్రెజిల్ రేవులో ఉండగానే. అలిసినవారిని, నిద్ర చాలనివారిని పైకి పంపకండి.

1. జేబులు ఖాళీ. ఫోను, తాళంచెవులు, నాణేలు అన్నీ కింద. కళ్లజోడుకి తాడు, జుట్టు ముడి.
2. హార్నెస్ పట్టీలు మీరొకసారి, జతగాడొకసారి చూడాలి. కుట్లు, బకిల్, కొక్కెం నోరు దానంతటదే మూసుకుంటుందా లేదా.
3. గాలి వచ్చే వైపు నుంచే ఎక్కాలి. అప్పుడు గాలీ ఓడ ఒరుగూ మనిషిని తాళ్ల మీదికే నొక్కుతాయి.
4. చేతులు నిలువు తీగల మీద, కాళ్లు అడ్డ మెట్ల మీద. అడ్డ మెట్టు తెగొచ్చు, నిలువు తీగ తెగదు. చేత్తో మెట్టు పట్టుకున్నవాణ్ని వెంటనే కిందికి దించి మళ్లీ మొదలుపెట్టించండి.
5. రెండు కొక్కేల్లో ఒకటి ఎప్పుడూ తగిలించి ఉండాలి. రెండోది తగిలించాకే మొదటిది తీయాలి. తగిలించేది భద్రతా తీగకే. కదిలే తాళ్లకి వద్దు.
6. యార్డు కింది కాలితాడు మీద అడుగుపెట్టే ముందు "అడుగు పెడుతున్నా" అని అరిచి, అక్కడున్నవాళ్లు "సరే" అన్నాకే పెట్టాలి. చెప్పకుండా పెడితే తాడు ఎగిరి పక్కవాడి కాలు జారుతుంది.

మొదటి రోజు మొదటి వేదిక దాకా చాలు. ఎక్కనన్నవాణ్ని బలవంతపెట్టకండి, చప్పట్లతో కూడా. సిగ్గుతో ఎక్కినవాడు సగంలో బిగుసుకుపోతాడు, దించడం చాలా కష్టం. కింద నిలబడి తాళ్లు చూసుకునే పని ఇవ్వండి, అది కూడా నిజమైన పనే. రెండు రోజుల తర్వాత తనంతట తనే అడిగే అవకాశం ఎక్కువ.

9. మనిషి నీళ్లలో పడితే

ఓడ 6 నాట్లతో పోతుంటే నిమిషానికి సుమారు 185 మీటర్లు దూరమవుతుంది. ఆ దూరంలో మీటరు ఎత్తు అలల మధ్య తలకాయ కనిపించడం కష్టం. అందుకే క్రమం ఇది: చూసినవాడు పడ్డ వైపు చెబుతూ అరవాలి, "మనిషి నీళ్లలో, కుడి వైపు". లైఫ్‌బోయ్ (పట్టుకుని తేలే చక్రం) విసరాలి. ఒకరు వేలు చూపిస్తూ చూపు తిప్పకుండా నిలబడాలి. ఇంకొకరు జీపీఎస్‌లో గుర్తు నొక్కించాలి. అప్పుడే మిగతాదంతా.

బొమ్మ మనిషితో కనీసం మూడుసార్లు చేయించండి, ఒకటి ముందస్తు కబురు లేకుండా. ప్రతిసారీ తప్పేది వేలు చూపేవాడి దగ్గరే. తాడు లాగమని ఎవరో పిలవగానే అటు తిరుగుతాడు. వాణ్ని ఎవరూ పిలవకూడదని జట్టంతటికీ చెప్పండి, కెప్టెన్ కూడా పిలవరని చెప్పండి.

10. ఆరో రోజు ఓడను వాళ్ల చేతికి ఇవ్వండి

నిర్ణయాధికారం, భద్రత కెప్టెన్ దగ్గరే ఉంటాయి. పిలుపులు మాత్రం పిల్లలవి. పరీక్షకి ఓడను వేర్ చేయించడం బాగుంటుంది, అంటే అమరాన్ని గాలికి తిప్పి, గాలిని ఒక పక్క నుంచి రెండో పక్కకి దాటించడం. ఎదురుగాలికి తిప్పడం కన్నా ఎక్కువ చోటు పడుతుంది, కానీ నిదానంగా జరుగుతుంది, తప్పులు సరిదిద్దే వ్యవధి దొరుకుతుంది. గాలి పోయే వైపు ఖాళీ సముద్రం ఉండేలా చూసుకోండి.

వరస: వెనక మాస్ట్ తెరచాప దించాలి. చక్రం తిప్పి గాలికి దూరంగా మళ్లించాలి. ఓడ తిరుగుతుండగా మధ్య మాస్ట్ యార్డులు తిప్పాలి. గాలి సరిగ్గా అమరం మీదికి వచ్చాక ముందు మాస్ట్ యార్డులు. అణియం తెరచాపల షీట్లు (కింది మూలను పట్టి ఉంచే తాళ్లు) రెండో వైపుకి. వెనక తెరచాప మళ్లీ ఎత్తాలి. చివర్లో తాళ్లన్నీ చుట్ట చుట్టాలి.

ముందు రోజు సాయంత్రం నాయకుణ్ని పిల్లలే ఎన్నుకోవాలి. మన తీరంలో పడవ జట్టు పెద్దని తండేలు అంటారు, ఆ పేరే పెట్టండి, బాగా అతుక్కుంటుంది. తండేలు తాడు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే మొత్తం చూసేవారుండరు. గొంతు బాగా ఉన్నవాణ్నే ప్రతిసారీ ఎన్నుకుంటారు కాబట్టి, మూడోసారికి మెతకగా మాట్లాడేవారికి ఇప్పించండి. అప్పుడు జట్టు నిశ్శబ్దంగా వినడం నేర్చుకుంటుంది.

ఈ పూట మీకు కష్టమైన పని, నోరు మూసుకుని ఉండటం. ప్రమాదం లేని తప్పుకి అడ్డు పడకండి. యార్డు తప్పు కోణంలో ఆగిందా, తెరచాప కొట్టుకుంటుంది, వాళ్లే చూస్తారు. చెయ్యి పిన్నుకి దగ్గరగా వెళ్లిందా, అప్పుడు "ఆపు".

పని అయిన పది నిమిషాల్లోపు కూర్చోబెట్టి మూడే అడగండి: ఏం జరిగింది, ఎవరికి ఏది వినపడలేదు, మళ్లీ చేస్తే ఏది మారుస్తారు. ఎవరి తప్పు అని అడగకండి. ఆలస్యం చేస్తే అన్నం తింటూ కథలు అల్లుకుంటారు, జరిగింది మరుగున పడుతుంది.

వచ్చిందో లేదో చూసే పరీక్షలు

- చీకట్లో, టార్చ్ లేకుండా, మీరు చెప్పిన ఐదు తాళ్లలో నాలుగింటి మీద చెయ్యి పెట్టాలి.
- బరువున్న తాడును పిన్ను నుంచి ఒక మీటరు వదిలి మళ్లీ కట్టాలి. తాడు ఒక్కసారి కూడా చేతుల్లో జారకూడదు.
- కళ్లు మూసుకుని బౌలైన్, 10 సెకన్లలో.
- నిద్రలోంచి లేపితే లైఫ్ జాకెట్‌తో మస్టర్ స్థలానికి చేరి లెక్క అయ్యేదాకా ఎంత పడుతోందో రోజూ రాయండి. తగ్గుతూ రావాలి. తగ్గకపోతే కారణం ఎక్కువగా బూట్లు, జాకెట్లు ఎక్కడ పెట్టారో మర్చిపోవడమే.
- జట్టులో ఒకరిని పక్కన కూర్చోబెట్టి యార్డు తిప్పించండి. ఒక్కరు తగ్గితే పని ఆగిపోతోందంటే అందరూ ఆ ఒక్కరి మీదే ఆధారపడ్డారన్నమాట, పనులు సరిగా మార్చలేదు.

ఓడ లేకపోతే

ఎన్‌సీసీ యూనిట్లలో ఉండే 27 అడుగుల వేలర్ దీనికి మంచి పడవ. ఐదు తెడ్లు, చుక్కాని దగ్గర ఒక కాక్స్‌వైన్, తెరచాప కూడా వేయొచ్చు. పై పద్ధతిలో యార్డు తిప్పడం స్థానంలో తెడ్లు పెట్టండి. ఐదుగురి తెడ్లు ఒకేసారి నీళ్లలో పడుతున్నాయా, "ఓర్స్" అనగానే ఒకేసారి ఆగుతున్నాయా అన్నదే కొలత. కాక్స్‌వైన్‌ను పావుగంటకోసారి మార్చండి.

పడవే లేకపోతే, వేపచెట్టు చాలు. గట్టి కొమ్మకి కప్పీ కట్టి, 12 మిల్లీమీటర్ల తాడు వేసి, ఒక కొసకి 20 కిలోల ఇసుక బస్తా తగిలించండి. రెండు మీటర్ల మందపాటి చెక్కకి ఆరు రంధ్రాలు పెట్టి, కొయ్య పిన్నులు దింపి, చెక్కను చెట్టు మొదలుకి గట్టిగా బిగించండి. బస్తా కింద ఎవరూ నిలబడకుండా సున్నంతో గుండ్రంగా గీత గీయండి. బస్తాను మోకాలి ఎత్తు నుంచి నేల మీదికి, దుమ్ము లేవకుండా దించడం పరీక్ష. ఓడ ఎక్కకముందు పదేసిసార్లు ఇలా దించిన పిల్లలకు మూడో అంచెలో సగం పాఠం వచ్చేసినట్టే, మీకు ఒక పూట మిగులుతుంది. దాన్ని యార్డు తిప్పే సాధనకి వాడుకోండి.